ఇసుక లెక్కలో జమ ఏది?

ఈ పూట ఇసుక గురించి మాట్లాడుకుందాం. మూసీ ఇసుక గురించి, సముద్రపు ఇసుక గురించి. సూర్యాపేటకూ కోదాడకూ మిర్యాలగూడకూ సముద్రంతో ఏం పని అని మీరు అడగొచ్చు. మన దగ్గర్నుంచి సముద్రం చూడాలంటే విజయవాడ దాటి ఇంకా కిందికి పోవాలి. అయినా పని ఉంది. ముందు ఒకసారి మిర్యాలగూడ రైస్ మిల్లుకు పోదాం రండి. ప్రభుత్వం కొన్న వడ్లు లారీల్లో మిల్లుకు వస్తాయి. మిల్లరు వాటిని మరపట్టి బియ్యం తిరిగి అప్పగించాలి. క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. ఎంత వచ్చిందో ఒక కాటా చీటీ చెబుతుంది. ఎంత పోయిందో ఇంకో చీటీ చెబుతుంది. రెండు చీటీలూ పక్కపక్కన పెడితేనే అది లెక్క. ఒక్క చీటీయే ఉంటే దాన్ని లెక్క అనరు. ఇసుక విషయంలో మన చేతిలో గట్టిగా ఉన్నది ఒక్క చీటీయే. రీచ్ నుంచి, అంటే వాగులో ఇసుక తవ్వే చోటు నుంచి, ఎన్ని లారీలు పోయాయి, ఎన్ని టన్నులు పోయాయి, ఏ బండి ఏ ఊరికి పోయింది, ఇదంతా ఆన్‌లైన్‌లో ఎక్కుతోంది. మంచిదే. కానీ అదే రీచ్‌లోకి పోయిన వానకాలంలో ఎంత ఇసుక కొత్తగా వచ్చి చేరింది? దాన్ని అంత శ్రద్ధగా రాసేవాళ్లు కనబడరు. ఖర్చు రాస్తున్నాం, జమ రాయడం లేదు. నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. ఇసుకకు జమ రాయాలి. వాగులో రాయాలి, నదిలో రాయాలి, సముద్రంలోనూ రాయాలి. వచ్చిందెంత, పోయిందెంత, ఈ రెండూ తేలాకే తవ్వకానికి సంతకం పడాలి.

అసలు ఇసుక ఎక్కణ్నుంచి వస్తుంది? నీళ్లలా భూమిలోంచి ఊరేది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. సుమారు 240 కిలోమీటర్లు పారి, మిర్యాలగూడ దగ్గరి వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. దారి పొడుగునా మన గుట్టలు, గుండ్లు. ఆ గుండు ఎండకు పగులుతుంది, వానకు నానుతుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. గుప్పెడు మూసీ ఇసుక చేతిలోకి తీసుకొని వెలుతుర్లో చూడండి. గాజుముక్కలా మెరిసే పలుకు ఒకటి కనిపిస్తుంది. దాని పక్కన లేత గులాబీ రంగు పలుకు ఇంకోటి ఉంటుంది. మధ్యలో ఎక్కడో సన్నని నల్లటి రేకు తళుక్కుమంటుంది. ఆ మూడూ ఒకప్పుడు ఒకే బండలో ఉన్నవే. బండ ఇసుక కావడానికి వేల ఏళ్లు పడుతుంది. వాన పడ్డప్పుడల్లా మన బిక్కేరు, మన పాలేరు, మన మూసీ ఆ పలుకుల్ని కొంచెం కొంచెం ముందుకు నెడతాయి. అవి కృష్ణకు ఇస్తాయి. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రానికి ఇస్తుంది. సముద్రం ఆ ఇసుకను అలలతో తోసుకుంటూ ఎక్కువగా ఉత్తర దిక్కుకు జరుపుతుంది. తీరం తనంతట తాను ఇసుక తయారు చేసుకోదు. పైనుంచి వచ్చినదాన్ని పట్టుకొని నిలబడుతుంది, అంతే. పైనుంచి రావడం తగ్గితే, కింద పోవడం మాత్రం ఆగదు. తీరం కోసుకుపోవడం అంటే ఇదే.

ఈ దారిలో మనం ఎన్నో అడ్డుకట్టలు వేసుకున్నాం. వేసుకోక తప్పలేదు కూడా. సూర్యాపేట పక్కన సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది, 1963 నుంచి. కృష్ణ మీద శ్రీశైలం ఉంది, నాగార్జునసాగర్ ఉంది. వాడపల్లికి దిగువన, సూర్యాపేట జిల్లా అంచున, 2013లో ప్రారంభమైన పులిచింతల ఉంది. ఇంకా కిందికి పోతే విజయవాడలో ప్రకాశం బ్యారేజీ. నీళ్లు ఆగిన చోట ఇసుకా ఆగుతుంది, ఒండ్రూ ఆగుతుంది. ఎంత ఆగిందో చెప్పే అంకెలు మీరు వార్తల్లో వింటూనే ఉంటారు. సాగర్ మొదట 408 టీఎంసీల జలాశయం. పూడిక సర్వేల తర్వాత ఇప్పుడు 312 టీఎంసీలు అంటున్నాం. శ్రీశైలం 308 నుంచి సుమారు 215కు దిగింది. సాగర్ ఒక్కదానిలోనే 96 టీఎంసీల చోటు పోయింది. పులిచింతల నిండితే 45 టీఎంసీల పైచిలుకు. అంటే రెండు పులిచింతలలు పట్టేంత జాగాను పూడిక మింగింది. అందులో ఎక్కువ భాగం మెత్తటి ఒండ్రే, ఇసుక కొంతే. అయినా దారి ఎంత మూసుకుపోయిందో తెలియడానికి ఆ అంకె చాలు. కింద డెల్టా వైపు నుంచి చూసినా ఇదే కథ. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు రాసిన లెక్క ఒకటుంది. 1966, 69 మధ్య కృష్ణ నీళ్లలో కలిసి డెల్టాకు ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు చేరేది. 2000, 2005 మధ్యకు అది 4 లక్షల టన్నుల దాకా పడిపోయింది. తొంభై ఎక్కడ, నాలుగు ఎక్కడ!

ఇప్పుడు తీరానికి వద్దాం. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా తీసిన ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసింది. దేశం మొత్తం తీరంలో మూడో వంతు కోసుకుపోతోందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో 28 శాతానికి పైగా కోత ఉంది. అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఆంధ్ర తీరంలో దాదాపు సగం మేర కొత్తగా మేట వేస్తోంది. అలాంటప్పుడు దిగులెందుకు అని ఎవరైనా అనొచ్చు. నా చేను కోసుకుపోయి, పక్కూరి చెలకలో మేట వేస్తే నాకు ఒరిగేదేమిటి? కాకినాడ దగ్గరి ఉప్పాడ అడిగేది ఇదే. జామ్దానీ చీరల ఊరు అది. అక్కడ ఇళ్లు, రోడ్డు అలల పాలవుతూ వచ్చాయి. పెద్దపెద్ద గుడ్డ గొట్టాల్లో ఇసుక నింపి గోడలా పేర్చారు. సముద్రం ఆ గోడను కూడా చీల్చింది. విశాఖపట్నం ఇంకో దారి పట్టింది. 1970లలో అక్కడ ఔటర్ హార్బరు కట్టారు. దాని గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఆపేశాయి. ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచ్‌కు ఇసుక అందడం తగ్గింది. అందుకని హార్బరు దగ్గర పోగయిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి, పైపుల్లో పంపి, బీచ్ మీద పోస్తూ వచ్చారు. తీరాన్ని బాగుచేయడానికి ఇసుకనే వాడటం అంటే ఇదే. గోడ కట్టి సముద్రంతో పోట్లాడటం కంటే ఇది తెలివైన పని అని నా అభిప్రాయం. అయితే ఒకసారి పోస్తే సరిపోదు. పోస్తూనే ఉండాలి.

పోసేది కూడా ఏ ఇసుక పడితే అది పనికిరాదు. కల్లంలో వడ్లు తూర్పారపట్టడం మీరు చూసే ఉంటారు. గింజ బరువైతే కాళ్ల దగ్గరే పడుతుంది. తాలు, పొల్లు గాలికి ఎగిరి దూరం పోతాయి. సముద్రం చేసేది అచ్చంగా తూర్పార పనే. అక్కడ గాలి బదులు అల. బీచ్ మీద మెత్తటి ఇసుక పోస్తే అది పొల్లే, ఎక్కువ కాలం నిలవదు. అక్కడి సొంత ఇసుక ఎంత ముతకగా ఉందో, పోసేది కూడా అంత ముతకగా ఉండాలి, లేదా ఇంకొంచెం ముతకగా ఉండాలి. అలాంటి ఇసుక సముద్రం అడుగున అన్నిచోట్లా దొరకదు. కొన్ని దిబ్బల్లోనే దొరుకుతుంది. సముద్రం నిండా ఇసుకే కదా, దానికి కూడా నియమాలా అని అడిగేవాళ్లకు మొదటి జవాబు ఇది. సముద్రం పెద్దదే. పనికొచ్చే ఇసుక మాత్రం కొంచెమే.

రెండో జవాబు వడ్ల రాశి చెబుతుంది. రాశి పాదం దగ్గర దోసిలి పెట్టి గింజలు తీయండి. తీసింది కింద. జారేది పైనుంచి. ఒడ్డుకు దగ్గర్లో సముద్రం అడుగు తవ్వితే అదే జరుగుతుంది. బీచ్ మీది ఇసుకే జారి ఆ గుంతలోకి పోతుంది. అందుకే నెదర్లాండ్స్‌లో 20 మీటర్ల లోతు దాటాకే ఇసుక తోడనిస్తారు. ఆ దేశంలో సుమారు నాలుగో వంతు నేల సముద్ర మట్టానికి కింద ఉంది. 1990 నుంచి వాళ్లకు ఒక విధానం ఉంది. తీరం గీత వెనక్కి జరగకూడదు, జరిగితే ఇసుక పోసి నిలబెట్టాలి. 2011లో ఒకేచోట 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుక పోశారు. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు అనుకుంటే 70 లక్షల ట్రాలీలు దాటుతుంది. ఆ కుప్పను అలలే మెల్లగా అటూ ఇటూ సర్దుతాయని వాళ్ల ఆలోచన. పోసిన తర్వాత కూడా ఏ ఇసుక ఎటు నడిచిందో కొలుస్తూనే ఉన్నారు. ఇక్కడ గమనించాల్సింది కుప్ప పరిమాణం కాదు, ఆ కొలత. వచ్చిందెంత, పోయిందెంత.

మన చట్టం ఏమంటోంది? వాగులో, నదిలో ఉన్న ఇసుక చిన్న ఖనిజం కింద లెక్క. దాని నియమాలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. అదే ఇసుక ఒడ్డు దాటి సముద్రం అడుగుకు చేరిందంటే కేంద్రం చేతిలోకి పోతుంది. అందుకు 2002 నాటి సముద్ర ప్రాంత ఖనిజాల చట్టం ఉంది. 2023లో దాన్ని సవరించి, ప్రైవేటు వాళ్లకు ఇచ్చేది వేలం ద్వారానే ఇవ్వాలన్నారు. 2024 నవంబరులో తొలి విడతగా 13 బ్లాకులు వేలానికి పెట్టారు. వాటిలో మూడు కేరళలోని కొల్లం దగ్గరివి. ఆ మూడూ నిర్మాణానికి వాడే ఇసుక బ్లాకులు. కొల్లం సముద్రం చేపలకు పేరుపడ్డ చోటు. మత్స్యకారులు 2025 ఫిబ్రవరిలో తీరమంతా హర్తాళ్ చేశారు. మార్చిలో కేరళ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. వేలం తప్పని నేను అనడం లేదు. వ్యాపారానికి ఇచ్చే సొత్తును వేలంలోనే ఇవ్వాలి, లేకపోతే అయినవాళ్లకు ఆకుల్లో వడ్డించినట్టు అవుతుంది. కానీ తీరాన్ని నిలబెట్టడానికి వాడే ఇసుక వ్యాపారం కాదు. అమెరికాలో ఈ రెండింటికీ రెండు వాకిళ్లు పెట్టారు. అమ్ముకోవడానికి ఇసుక కావాలంటే పోటీలో పాడుకోవాలి. దెబ్బతిన్న తీరాన్ని బాగుచేయడానికి కావాలంటే, 1994లో చేసిన సవరణ ప్రకారం, స్థానిక ప్రభుత్వం నేరుగా ఒప్పందం చేసుకోవచ్చు. ఎక్కడ తోడాలి, ఎంత తోడాలి అన్నది ఒప్పందంలో రాసి ఉంటుంది. తోడే ముందు, తోడిన తర్వాత సముద్రం అడుగు కొలవాలి. మన చట్టం చూపు ఇంకా మొదటి వాకిలి మీదే ఉంది. రెండోది తెరవాలి. సముద్రపు ఇసుక ముందు తీరానికి, ఆ తర్వాతే కాంక్రీటుకు. కాంక్రీటుకు వాడాలంటే దాన్ని మంచినీళ్లతో కడగాలి కూడా. ఉప్పు తగిలిన ఇనుప గరిటె ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు, స్లాబులోని ఇనుప చువ్వ గతీ అంతే. బీచ్ మీద పోసే ఇసుకకు ఆ కడుగుడు అక్కర్లేదు.

ఇక్కడ మన ప్రాంతం నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. ఇసుకను ఆపింది డ్యాములు. మూసీ ఇసుక వాడపల్లి దాకా పోయినా పులిచింతలలో ఆగిపోతుంది. సముద్రానికి ఎలాగూ చేరని ఇసుకను మేం తీసుకుంటే తీరానికి కొత్తగా జరిగే నష్టమేమిటి? ఈ ప్రశ్నలో నిజం ఉంది. ఉప్పాడ కోతకు సూర్యాపేట ట్రాక్టరును దోషిని చేస్తే అది అన్యాయం. కానీ ఒక్క మాట. డ్యామ్ ఆపింది కూడా పద్దులోకి ఎక్కాల్సిందే. జలాశయం తలకట్టు దగ్గర, అంటే నది వచ్చి నిలిచిన నీళ్లలో కలిసే చోట, ముందుగా పడేది ముతక ఇసుకే. మెత్తటి ఒండ్రు ఇంకా లోపలికి పోతుంది. ఆ ముతక ఇసుకను కొలిచి తీస్తే జలాశయానికి చోటు వస్తుంది, ఊళ్లకు ఇసుక వస్తుంది, పారే వాగు మీద భారం తగ్గుతుంది. జమ పద్దు రాస్తేనే ఇలాంటి చోట్లు తెలుస్తాయి. పైగా వాగులో ఇసుక ఉండాల్సింది సముద్రం కోసం మాత్రమే కాదు. ఎండాకాలం వాగు ఎండినా, ఇసుకలో చెలిమ తీస్తే నీళ్లు ఊరతాయి. ఇసుక పొర నీళ్లు పట్టుకొని ఉంటుంది, ఎండకు ఆవిరి కానివ్వదు. పక్క చేలలోని బావులకూ బోర్లకూ అదే ఆధారం. ఆ పొర తీసేస్తే మిగిలేది బంకమట్టి, బండ. వాన పడితే నీళ్లు జారి పోతాయి, లోపలికి దిగవు. కాబట్టి సముద్రాన్ని కాసేపు మరిచిపోయినా, మన బోరు కోసమే ఈ లెక్క కావాలి.

ఇంకో అభ్యంతరం పేదల ఇళ్ల గురించి. నియమాలు బిగిస్తే ధర పెరుగుతుంది, ఇందిరమ్మ ఇల్లు కట్టుకునే కుటుంబం నలిగిపోతుంది అంటారు. లెక్క లేనప్పుడు ముందుగా తీసుకునేది ఎవరో ఆలోచించండి. పొక్లెయిన్ ఉన్నవాడు, పది టిప్పర్లు ఉన్నవాడు. ఒక్క ఇల్లు కట్టుకునే మనిషి అతని వెనకాల నిలబడతాడు. ఏటా వచ్చి చేరేది ఇంత అని తేలితే, అందులో ఊరి అవసరానికి ముందు వాటా తీసి పెట్టొచ్చు. మిగిలితేనే బయటికి. పెద్ద కట్టడాలకు, బండను పిండి చేసి తీసే రోబో ఇసుక ఉంది. కోదాడ, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం మనది. మనకు సిమెంటు కరువు లేదు, కరువల్లా ఇసుకకే. రోబో ఇసుకకు కూడా ఒక గుట్ట తరుగుతుంది, ఊరి మీద దుమ్ము పడుతుంది, అది ఊరికే వచ్చేది కాదు. అయినా కాంక్రీటుకు అది పనికొస్తుంది. వాగు పనికీ తీరం పనికీ మాత్రం నది ఒరుసుకుంటూ తెచ్చిన ఇసుకే కావాలి.

నియమాలు పెరిగితే కాగితాలు పెరుగుతాయి తప్ప ఇంకేం జరగదని కొందరంటారు. ఈ మాట కొట్టిపారేయలేం. మనకు నియమాల కొరత లేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అయిదు హెక్టార్ల లోపు తవ్వకానికైనా పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో, 2020లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వానకాలంలో నదిలో తవ్వకూడదని వాటిలో ఉంది. ఇవన్నీ చాలావరకు ఖర్చు వైపు నియమాలు. ఎవరు, ఎప్పుడు, ఎంత లోతు. జమ వైపు గట్టి మాట 2025 ఆగస్టులో వచ్చింది. జమ్మూకశ్మీర్ ఇసుక తవ్వకం కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. జిల్లాలో ఎక్కడ ఎంత ఇసుక తవ్వొచ్చో చెప్పేది జిల్లా సర్వే నివేదిక; ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందన్న అధ్యయనం లేకుండా రాస్తే అది చెల్లదు అని. దాన్ని పట్టుకొని పర్యావరణ అనుమతి ఇవ్వకూడదు. అధ్యయనం అంటే బ్రహ్మవిద్య కాదు. వానలకు ముందు ఇసుక మట్టం ఒకసారి కొలవాలి. వరద తగ్గాక అదే చోట మళ్లీ కొలవాలి. తేడాయే జమ. వంతెన స్తంభం మీద గీత గీసినా ఊళ్లో పిల్లలకు సైతం అర్థమవుతుంది. మిల్లు కాటా కంటే ఇదేమీ కష్టం కాదు.

జిల్లా సర్వే నివేదిక ముసాయిదా తయారైనప్పుడు దాన్ని 21 రోజుల పాటు జనం ముందు పెట్టాలి. ఒక ప్రతి కలెక్టరేట్‌లో ఉంచాలి, జిల్లా వెబ్‌సైటులో కూడా పెట్టాలి. సూర్యాపేట, కోదాడ వాళ్లకు సూర్యాపేట కలెక్టరేట్. మిర్యాలగూడ వాళ్లకు నల్లగొండ. ఆ 21 రోజుల్లో మీ ఊరి నుంచి ఒక్కరైనా వెళ్లండి. నివేదిక మొత్తం చదవక్కర్లేదు. ఒక్క పేజీ అడగండి. మా వాగులో వానకు ముందు ఇసుక మట్టం ఎంత, వాన తర్వాత ఎంత? ఆ పేజీ లేకపోతే, లేదన్న సంగతినే మీ అభ్యంతరంగా రాసి, రసీదు తీసుకోండి.